గడప మీద నిలబడొద్దు

ఉప్పరపల్లె, ముద్దనూరు పోస్టు,
గడప జిల్లా.
1954 జూన్

కోడలు దీనమ్మకు అత్త పుల్లమ్మ దీవెనలు.

నువ్వు రైలెక్కిన రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. గుంతకల్లులో బండి మారావో, మారకుండా బొంబాయి దాకా పోయావో అని అదే ఆలోచన. చేరగానే కార్డు వేస్తానన్నావు. రాలేదు. వేసి ఉంటే ఎవరి చేతిలో పడిందో ఏమో.

నీ గదికి లోపలి గడియ ఉందా? ఉంటే ఇనుపదా, చెక్కదా? చెక్కదైతే నమ్మొద్దు. నువ్వు పోయిన బేతంచెర్ల చుట్టూ బండల గనులంట. తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలబడి ఉంటాయంట. పొద్దుగూకాక ఆ వైపు పోవద్దు. తేళ్లు చల్లదనానికి బండల సందుల్లో చేరతాయి, చీపురు కూడా చూసి పట్టుకో. రాతిదుమ్ముకు దగ్గు వస్తుంది, పడుకునేటప్పుడు ఇంత బెల్లం ముక్క బుగ్గన పెట్టుకో.

నాకు ఇంకెవరున్నారు చెప్పు. మా అన్న కూతురివని ఏరికోరి మా యేసేపుకు చేసుకున్నాను. అన్న పోయాడు. వెనకనే నా కొడుకు పోయాడు. వాడు మిషను బడిలో పిల్లలకు చెప్పి వచ్చి, దీపం పెట్టే వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక పట్టించేవాడు. "అమ్మా, నీకు వత్తులు గూడా వచ్చినాయంటే నీ ఉత్తరం నువ్వే రాసుకోవచ్చు" అనేవాడు. చివరగా నేర్పింది లక్ష్మిలో ఉండే క్ష్మ. ఆ వారమే జ్వరం పట్టుకుంది. ఇప్పటికీ ఆ అక్షరం దగ్గరకు వస్తే నా చెయ్యి ఆగుతుంది. నీకు ఉద్యోగం వచ్చిందంటే సంతోషపడాలి గానీ, ఇల్లు మాత్రం బావిలా ఉంది.

నేను బాగున్నాను. ఓబులరెడ్డి పశువుల కొట్టం ఊడ్చే పని అట్లే ఉంది. ఆయన భార్య రామలక్ష్మమ్మ పుట్టినిల్లు మీ వైపే ఎక్కడో. ఏ ఊరో కనుక్కుంటాను. యేసయ్యకు నీ గురించి చెప్పుకున్నాను. అహోబిలం నరసింహస్వామికి కూడా ఒక మాట చెప్పి పెట్టాను. ఎవరు విన్నా మంచిదే. పాదిరిగారికి మాత్రం రాయొద్దు.

గడియ సంగతి మరిచిపోకుండా రాయి.

పుల్లమ్మ


గుట్టపల్లె, బేతంచెర్ల పోస్టు,
కర్నూలు జిల్లా.
1954 జూలై

అత్తకు దీనమ్మ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. గడియ ఇనుపదే. ఒక చిన్న మాట, కోపం తెచ్చుకోవద్దు. మన జిల్లా పేరు కడప. నువ్వు గడప అని రాస్తున్నావు. తిరుపతి కొండకు పోయే దారిలో గడపలాంటి ఊరు కాబట్టి ఆ పేరొచ్చిందని పెద్దలు అంటారనుకో, అయినా రాసేటప్పుడు కడప అనే రాయాలి. పోస్టువాళ్లు నవ్వుతారు.

వెంకటరమణయ్య శెట్టి ఇంటి వెనక గది ఇచ్చారు. ఆయన భార్య సుందరలక్ష్మి రోజూ చెంబుడు మజ్జిగ పంపుతుంది. నా తెల్లచీర చూసి కిరస్తానీ టీచరమ్మ అనుకున్నారు, అంతకంటే ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అబద్ధం ఆడలేదు అత్తా, వాళ్లు అడగలేదు.

బడి అంటే ఒకటే పొడవాటి గది. టీచరును నేనొక్కదాన్నే. నేలంతా నున్నటి నాపబండలు. ఊరి పెద్ద రామకృష్ణారెడ్డి తన గని నుంచి ఇచ్చాడు. గడపరాయి మీద ఆయన తండ్రి పేరు చెక్కించాడు. ఆ బండల మీద రెడ్ల పిల్లలు, శెట్ల పిల్లలు, మిగతా ఊరి పిల్లలు కూర్చుంటారు. మన పిల్లలు గడప బయట, వసారాలో మట్టి మీద. ఆ బండలను గనిలో కొట్టింది, నునుపు చేసింది, తెచ్చి పరిచింది ఈ పిల్లల నాయనలే. పరిచి బయటికి వచ్చినవాళ్లు మళ్లీ లోపలికి పోలేదు.

వసారాలో కూర్చుంటే నల్లబల్ల కనపడదు. అందుకని నేను గడప మీద నిలబడి చెబుతున్నాను. ఒక వాక్యం లోపలికి, అదే వాక్యం బయటికి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అంతకుమించి కష్టమేమీ లేదు. నువ్వు వేళకు తిను.

దీనమ్మ


ఉప్పరపల్లె, గడప జిల్లా.
1954 ఆగస్టు

దీనమ్మకు అత్త దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివాను. గడప మీద నిలబడి చెబుతున్నానని రాశావే, ఎవరైనా గడప మీద నిలబడతారా? లక్ష్మి నిలవదు. మనకు లక్ష్మి ఎప్పుడు నిలిచిందని అడుగుతావేమో, ఉన్న ఉద్యోగమైనా పోగొట్టుకోవద్దని చెబుతున్నాను. మీ అమ్మ ఉంటే ఆమే చెప్పేది. ఉంటే లోపల ఉండు, లేదంటే బయట ఉండు. అటూ ఇటూ కాకుండా గడప మీద మాత్రం నిలబడొద్దు. నా మీద ఒట్టు.

ఒక మంచి సంగతి. రామలక్ష్మమ్మను అడిగాను. ఆమె పుట్టిల్లు మీ గుట్టపల్లేనంట. రామకృష్ణారెడ్డి ఆమె సొంత తమ్ముడు. చూశావా దేవుడెట్లా కలిపాడో. నేను కసువు గంప దించి చేతులు కట్టుకుని చెప్పాను, అమ్మా, నా కోడలు మీ తమ్ముడి ఊరికే టీచరై పోయింది, కొంచెం కనిపెట్టుకోమని చెప్పండి అని. "నీ కోడలా? ఆ టీచరమ్మ నీ కోడలా పుల్లీ?" అని రెండుసార్లు అడిగింది. అవునమ్మా, నా కోడలే, మా అన్న కూతురే అన్నాను. "చెప్తాలే, మా తమ్మునికి చెప్పకుండా ఎట్లుంటా" అంది.

ఇంక నాకు కొంచెం నిబ్బరంగా ఉంది. పెద్దవాళ్ల కళ్లు నీ మీద ఉంటాయి.

పుల్లమ్మ


గుట్టపల్లె, కర్నూలు జిల్లా.
1954 సెప్టెంబరు

అత్తకు నమస్కారాలు.

ఇల్లు మారాను. శెట్టిగారి గది వదిలేసి మన వాళ్ల గేరిలో, ఊరి చివర, ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ గాలి బాగా వస్తుంది. నువ్వేమీ అనుకోవద్దు.

నువ్వు ఒట్టు పెట్టావు కదా. ఒక రోజంతా ఆలోచించాను. లోపల ఉంటే బయటి పిల్లలకు చదువు లేదు. గడప మీద నిలబడితే నీ ఒట్టు. అందుకని బయట ఉన్నాను. నల్లబల్ల, కుర్చీ, సుద్దముక్కలు అన్నీ వసారాలోకి తెచ్చుకుని, గోడకు ఆనించి, బయటే పాఠం మొదలుపెట్టాను. లోపలి పిల్లలకు బల్ల కనపడలేదు. కొంచెంసేపు మెడలు సాచారు. తర్వాత ఒకడు, వెనకనే ఇంకొకడు, చూస్తుండగానే అందరూ బయటికి వచ్చి మట్టిలో కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్లకే తెలియదు. లెక్క చేసే తొందరలో ఉన్నారు.

మరునాడు రామకృష్ణారెడ్డి వచ్చాడు. గొడుగు మడవకుండానే నిలబడి అన్నాడు.

"ఏమమ్మా, ఇన్ని బండలు పరిపిచ్చింది మా పిల్లోళ్లు మట్టిలో కూకునేదానికా?"

"బండలు శానా బాగుండాయి రెడ్డీ. అందర్నీ కూకోనిస్తే ఇప్పుడే లోపలికి పోతాం" అన్నాను. నాకు కూడా ఇక్కడి మాట వచ్చేసింది.

"పేరేమో దీనమ్మ, మాటేమో దొరసానిది" అన్నాడు. "సర్కారు పంపిచ్చినాది గదా అని, నువ్వెవరో తెలిసినాక గూడా లోపలికి రానిస్తాండాం. సర్కారుకు కులం ల్యాదు. నీ ఎనకాల వచ్చేటోళ్లకు ఉండాది."

అత్తా, నీ మాట వినే చేశాను. ఇక్కడికి వచ్చాక ఇంత తేలికగా ఏ రోజూ నిద్రపోలేదు.

దీనమ్మ


ఉప్పరపల్లె, గడప జిల్లా.
1954 అక్టోబరు

దీనమ్మకు.

నేను చెప్పింది నీకు అట్లా వినపడిందా తల్లీ? బయట ఉండు అంటే ఊరిని బయటికి ఈడ్చమనా? నీకు కీడు తగలకూడదని ఒక ఆడమాట చెప్పాను. దాన్ని పట్టుకుని ఇంత పని చేస్తావా? ఇప్పుడు జరిగేదంతా నా నోటి నుంచే మొదలైనట్టు కదా.

ఇల్లు ఎందుకు మారావు? శెట్టిగారి ఇంట్లో గాలి రాదా? సగం రాత్రి లేచి ఆ ముక్కే మళ్లీ చదివాను. "నువ్వెవరో తెలిసినాక" అని రెడ్డి అన్నాడని రాశావే, ఎవరి వల్ల తెలిసిందో రాయలేదు. నువ్వు రాయకపోయినా నాకు తెలిసింది. నేను గంప దించి చేతులు కట్టుకుని మరీ చెప్పొచ్చాను. కోడిపిల్లను కాపాడమని గద్ద ఇంటికి పోయి చెప్పినట్టు.

మొన్న రామలక్ష్మమ్మ నన్ను పిలిచి అంది. "ఏమే పుల్లీ, నీ కోడలు మా తమ్ముని ఊర్లో రాజ్యం చేస్తాండాదంట. ఊరోళ్లు పిల్లోళ్లను బడికి అంపడం మానేసినారంట. అయినా మా తమ్ముడు మంచోడు గాబట్టి, మీ పిల్లోళ్లకు వేరే కొట్టం వేయిస్తానన్నాడంట. దాంట్లో గూడా బండలు పరిపిస్తాడంట. పరిపిస్తే తీసుకోమని రాయి."

తీసుకో తల్లీ. నీడ ఉంటుంది, బండలు ఉంటాయి, నువ్వే చెబుతావు. ఇంకేం కావాలి? మన యేసేపు చదివిన మిషను బడికి కప్పు కూడా సరిగా లేదు. వానొస్తే పలక నెత్తిన పెట్టుకునేవాడు. చదవలేదా?

నా గురించి దిగులు వద్దు. ఇప్పుడు నాకు పొద్దున తీరిక ఎక్కువ దొరుకుతోంది. దగ్గు కూడా తగ్గింది.

పుల్లమ్మ


గుట్టపల్లె, కర్నూలు జిల్లా.
1954 డిసెంబరు

అత్తకు నమస్కారాలు.

ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియక రాయలేదు.

కొట్టం సంగతి నిజమే. గని నుంచి బండలు కూడా దింపారు. నీలంగా, బడిలో ఉన్నవాటికంటే నునుపుగా ఉన్నాయి. మన గేరి పెద్దమనిషి కంబన్న గనిలో బండలు కొడతాడు. ఆయన ఒకరోజు సాయంత్రం వచ్చి, కూర్చోకుండా, మొలతాడు సర్దుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"టీచరమ్మా, కొట్టమైతే మాదే గదా. ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు గదా" అన్నాడు.

"నీ కూతురు ఆ కొట్టంలో నుంచి పెద్ద బడికి ఎప్పుడు పోతాది కంబన్నా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. పోయేటప్పుడు ఆ బండల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి పోయాడు. మరునాడు కూతురిని వసారాకే పంపాడు.

అత్తా, నీ కొడుకు కప్పులేని బడిలో చదివాడు, నిజమే. చదివి టీచరయ్యాక జిల్లా బోర్డు బడికి అర్జీ పెట్టుకుంటే, మీ వాళ్ల బడిలో చెప్పుకో పో అన్నారు. ఆ సంగతి నీకు చెప్పొద్దని నాతో అన్నాడు. ఇన్నేళ్లూ చెప్పలేదు. వేరే బడిలో చదివినవాడికి చివరి దాకా అన్నీ వేరేవే. అదీగాక, కొట్టం అంటే ఏమిటో నీకంటే ఎవరికి బాగా తెలుసు? నువ్వు రోజూ ఊడ్చేది అదే కదా.

ఊరి పిల్లలు రావడం లేదు. లోపలి గది తాళం రెడ్డి ఇంట్లో ఉంది. వసారాలో మన పిల్లలకు చెబుతున్నాను. ఊళ్లో నాతో ఎవరూ మాట్లాడరు. బియ్యం, కిరసనాయిలు బేతంచెర్లకు పోయి తెచ్చుకుంటాను. వీధిలో సుందరలక్ష్మి ఎదురైతే కొంగు సర్దుకుని పక్క సందులోకి తిరుగుతుంది. ఆమె తప్పు కాదు. ఆదివారం రోజంతా నా గొంతు నాకే వినపడదు. ఒక్కోసారి పెద్దగా ఎక్కాలు చదువుతాను.

నువ్వు నీ పని గురించి ఏమీ రాయలేదు. రామలక్ష్మమ్మ ఏమైనా అంటోందా?

దీనమ్మ


ఉప్పరపల్లె, గడప జిల్లా.
1955 జనవరి

దీనమ్మకు.

నేను ఇప్పుడు గురమ్మ ఇంట్లో ఉంటున్నాను. నీకు తెలుసు కదా, చర్చి పక్కన ఉండే గురమ్మ. మన గుడిసె పాతబడింది. ఇక్కడ గాలి బాగా వస్తుంది. నువ్వేమీ అనుకోవద్దు.

యేసేపు పలక, నీ పెళ్లి చీర తెచ్చుకున్నాను. మన కోడిని గురమ్మ గంప కింద మూసిపెడుతుంది.

వాడి అర్జీ సంగతి ఇప్పుడు చెప్పావు. ఆ రోజుల్లో వాడు అన్నం కెలికి వదిలేసేవాడు. ఉప్పు ఎక్కువైందేమోనని నేను తగ్గిస్తూ పోయాను.

పుల్లమ్మ


గుట్టపల్లె, కర్నూలు జిల్లా.
1955 ఫిబ్రవరి

అత్తా,

గాలి బాగా వస్తుందని రాశావు. నువ్వేమీ అనుకోవద్దని కూడా రాశావు. నేను నీకు రాసిన మాటలే అక్షరం మారకుండా నాకు తిప్పి పంపావు.

సరే, నిజం చెబుతాను. శెట్టిగారు నా పెట్టె తెచ్చి వీధిలో పెట్టారు. ఆ రోజు వాన. గేరిలో ఇల్లు దొరికేదాకా బడి వసారాలో పడుకున్నాను. నువ్వు బాధపడతావని రాయలేదు.

నీది కూడా అట్లాగే అని ఇప్పుడు తెలిసింది. మన గుడిసె ఓబులరెడ్డి చేలో ఉంది. పాతబడలేదు. నిన్ను లేపేశారు. పని కూడా తీసేసి ఉంటారు. తీరిక దొరుకుతోందని అక్టోబరులోనే రాశావు, నాకు తలకెక్కలేదు. ఇక్కడ నేను చేసినదానికి దెబ్బ అక్కడ నీకు తగులుతోంది.

రెడ్డి కబురు పంపాడు. నేను బదిలీ అడిగి పోతే చాలంట, ఎవరి మీదా కోపం ఉండదంట. ముద్దనూరు మిషను బడిలో ఖాళీ ఉందని పాదిరిగారు కూడా రాశారు. నేను వచ్చేస్తాను అత్తా. అలసిపోయాను. నువ్వు పరుల ఇంట్లో పడి ఉంటే నేను ఇక్కడ ఎవరికి ఏం చెప్పను? రా అని ఒక్క అక్షరం రాయి. ఆ వారమే బండెక్కుతాను.

కొట్టం తయారైంది. నేను పోతే పిల్లలు అందులోకి పోతారు. అది తెలిసే అడుగుతున్నాను.

దీనమ్మ


ఉప్పరపల్లె, గడప జిల్లా.
1955 మార్చి

కోడలు దీనమ్మకు.

ఈ ఉత్తరం ఓబులరెడ్డి ఇంటి వాకిట్లో కూర్చుని రాస్తున్నాను. కాగితం, కలం రామలక్ష్మమ్మ ఇచ్చింది. పొద్దున మనిషిని పంపి పిలిపించింది. మగవాళ్లు ప్రొద్దుటూరు సంతకు పోయారు. ఆమె గడప మీద నిలబడి నా చేతినే చూస్తోంది. గడప మీద నిలబడకూడదని చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆమె రాయమన్నది ముందు రాస్తాను. నువ్వు బదిలీ తీసుకుని వచ్చేస్తే నా గుడిసె నాకిస్తారంట, కొట్టం పని ఇస్తారంట, వేరుశనగ పీకేటప్పుడు కూలి కూడా ఇస్తారంట. అది ఆమె మాట.

నా మాట ఇది. రావద్దు.

ఆమెకు చదువు రాదు. "రాసినావా?" అంటోంది. రాసినానమ్మా అన్నాను. "ఏమని?" అంటోంది. నా ఒళ్లు బాగలేదని రాసినానమ్మా అన్నాను. అది అబద్ధం కూడా కాదు. ఎవరైనా వచ్చి ఈ కాగితం లాక్కుని చదివితే నా గతి ఏమిటో. అయినా రాస్తాను.

నాకు నువ్వు రావాలనే ఉంది. రోజూ రైలు కూత వినపడినప్పుడు లేచి దారి చూస్తాను. నువ్వు అడిగిన ఒక్క అక్షరం నాకు అన్నిటికంటే ముందు వచ్చిన అక్షరాల్లోదే. అది రాయడం కష్టం కాదు. కానీ ఇక్కడ కూర్చుని రాస్తుంటే ఒకటి తోచింది. ఆమె గడప మీద, నేను వాకిట్లో. పుట్టినప్పటి నుంచి ఇంతే. ఈ రోజు మాత్రం నా ఒళ్లో ఉన్నది ఏమిటో ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఇది నాకు ఎట్లా వచ్చింది? నా కొడుకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని నేర్పాడు. దూరంగా నిలబడి కేక వేసి చెప్పి ఉంటే నాకు అ ఆలు కూడా వచ్చేవి కాదు. ఆ పిల్లలకు నువ్వు ఒక్కదానివే అట్లా కూర్చునేది. నేను ఎట్లాగైనా బతుకుతాను. గురమ్మ గొణుగుతుంది గానీ అన్నం పెడుతుంది.

నువ్వు అలసిపోయానని రాశావు. బెల్లం నీళ్లు తాగు. ఎక్కాలు చదువుతున్నావు కదా, మానొద్దు.

ఇప్పుడు ఈమె దగ్గరకు వచ్చింది. "నీ అక్షరాలు జొన్న గింజల మాదిరి గుండ్రంగా ఉండాయే" అంది. తర్వాత "నా పేరు ఎట్లుంటాది పుల్లీ?" అంది. రాసి చూపించమంటోంది. ఇదిగో. రామలక్ష్మమ్మ. మొదట రా రాశాను, నువ్వు చూసి బండెక్కుతావేమోనని భయం పట్టుకుంది. అది నీకు కాదు, ఆమె పేరులోది. క్ష్మ దగ్గర నా చెయ్యి ఆగింది. అయినా వచ్చింది. ఆమె వంగి, తాకకుండా, గాలిలో వేలితో దాని మీద తిప్పింది. శానాసేపు చూసింది. ఇంత పెద్ద ఇంట్లో ఆమెకు ఆ అక్షరం చూపించినవాళ్లు ఎవరూ లేరు కాబోలు.

పోస్టు డబ్బా దగ్గర నిలబడి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కాగితం వాళ్ల జీతగాడికి ఇచ్చి పంపుతుందనుకున్నాను, ప్రాణం పోయినంత పనైంది. "మొగోళ్లు వచ్చేలోగా నువ్వే పోయి వేసిరా" అంది. ఎందుకన్నదో నాకు తెలియలేదు.

పుల్లమ్మ


గుట్టపల్లె, కర్నూలు జిల్లా.
1955 జూలై

అత్తకు నమస్కారాలు.

నీ మార్చి ఉత్తరం నా దిండు కింద ఉంది. బదిలీ అడగలేదు.

వేసవి సెలవుల్లో కర్నూలు పోయాను. కర్నూలు ఇప్పుడు రాజధాని కదా, ఆఫీసులు కొన్ని డేరాల్లోనే నడుస్తున్నాయి. ఒక డేరా నుంచి ఇంకో డేరాకు పొమ్మన్నారు. గాలికి గుడ్డ ఎగిరి అర్జీలు కొట్టుకుపోతే బంట్రోతుతో పాటు నేను కూడా పరిగెత్తి ఏరాను. చివరికి ఒక ఆఫీసరు చదివాడు. అంటరానితనం నేరమని ఢిల్లీలో చట్టం అయిందని, జూన్ నుంచి అమల్లోకి వస్తుందని చెప్పాడు. నాకు నమ్మకం కలగలేదు. చట్టాలు మన ఊరిదాకా నడిచి వస్తాయా అనుకున్నాను.

బడి తెరిచాక ఇనస్పెక్టరు వచ్చాడు. పిల్లలందరూ ఒకే గదిలో కూర్చోకపోతే కేసు అవుతుందని, బడికి డబ్బు కూడా ఆగిపోతుందని చెప్పి తాళం తీయించాడు. ఊరంతా చేరింది. రామకృష్ణారెడ్డి గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"చట్టం సర్కారుది కావచ్చు. ఈ గడప మీద ఉండేది మా నాయన పేరు. దీన్ని ఎవుడన్నా తొక్కితే నేను ఊరుకునేది లేదు" అన్నాడు.

 ఇనస్పెక్టరు బూట్లు చూసుకున్నాడు. కంబన్న కూతురి చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చాడు. అత్తా, ఆయన తల వంచే ఉన్నాడు, గొంతు కూడా పెద్దది చేయలేదు.

"తొక్కం రెడ్డీ" అన్నాడు. "గడప తొక్కేది మా ఇండ్లల్లో గూడా ల్యాదు. దాటుతాం."

జనంలో ఎవరో ముసలామె "అదీ నిజమే గదా" అంది. ఎవరో నవ్వారు. రెడ్డి ఆ రాతినే చూస్తూ పక్కకు జరిగాడు.

కంబన్న కూతురు నాగలక్ష్మి అక్కడ ఆగి నా వైపు తిరిగింది. "టీచరమ్మా, యా కాలు ముందు పెట్టాల?" అంది. కొత్త కోడలు ఇంట్లోకి వచ్చేటప్పుడు అడిగినట్టు. కుడికాలు అని చెప్పాను. మన పిల్లలందరూ ఒకరి వెనక ఒకరు కుడికాలు పెట్టి దాటారు. లోపల బండల మీద కూర్చోవడానికి మాత్రం చాలాసేపు తడబడ్డారు. చల్లగా ఉందని ఒకడు అరచేతులు ఆనించి తీశాడు.

ఊరి పిల్లలు ఇంకా అందరూ రాలేదు. సుందరలక్ష్మి కూతురు మాత్రం ఒకరోజు వచ్చి, ఎడంగా కూర్చుంది. నిన్న కొంచెం దగ్గరకు జరిగింది. కొత్త కొట్టంలో రెడ్డి ఎద్దులను కట్టేసుకున్నాడు. నాతో ఊళ్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. రాత్రులు పొడవుగానే ఉన్నాయి.

నువ్వు వచ్చేయి అత్తా. ఈసారి నేను రాస్తున్నాను ఆ అక్షరం. రా.

దీనమ్మ


ఉప్పరపల్లె, ముద్దనూరు పోస్టు,
గడప జిల్లా.
1955 ఆగస్టు

కోడలు దీనమ్మకు అత్త పుల్లమ్మ దీవెనలు.

పైన జిల్లా పేరు చూసి దిద్దొద్దు. కడప అని నువ్వు చెప్పింది గుర్తుంది. తెలిసే రాశాను.

నీ ఉత్తరం గురమ్మకు చదివి వినిపించాను. కంబన్న మాట దగ్గర "ఇంగోతూరి చదువు" అంది. రెండోసారి చదివాక, మన కోడిని కూడా నా వెంట నీ దగ్గరకు తీసుకుపొమ్మంది. కోడిని రైల్లో రానిస్తారా? రానిస్తే టిక్కెట్టు పెట్టాలా? గుంతకల్లులో ఏ పక్కకు దిగాలి? నేను బొంబాయి పోతే ఎవరు తెస్తారు? ఇవన్నీ వివరంగా రాయి, లేకపోతే నేను బండెక్కను.

గుడిసె ఇవ్వలేదు, పని ఇవ్వలేదు. మార్చి నుంచి రామలక్ష్మమ్మ నన్ను పిలవలేదు. మొన్న వాళ్ల వీధిలో పోతూ వాళ్ల గడప ముందు ముగ్గు చూశాను. తీగల మధ్యలో ఒక అక్షరం. వంకరగా ఉంది, అయినా అక్షరమే. రా. ఆమె పేరులో మొదటిదో, నన్ను రమ్మనో తెలియలేదు. తలుపు సగం తెరిచి ఉంది. నేను ఆగలేదు. నాలుగడుగులు పోయాక వెనక్కి చూశాను, ఆమె వంగి దాన్ని కొంగుతో చెరిపేస్తోంది.

యేసేపు సమాధి మీద గడ్డి పీకి వచ్చాను. వాడికి చెప్పాను, దగ్గరలోనే ఉంటాన్లే అని. దగ్గర కాదని వాడికి తెలుసు. వాడి గుర్తుగా వెంట తెచ్చేది పలక ఒక్కటే.

అక్కడికి వచ్చిన రోజు నన్ను బడికి పిలుచుకుపో. ఒక్కసారి లోపలికి వచ్చి ఆ బండల మీద కూర్చుని లేస్తాను. ఎవరూ లేనప్పుడు అని ముందు రాసి, కొట్టేశాను. పిల్లలందరూ ఉన్నప్పుడే.

నువ్వు మాత్రం గడప మీద నిలబడి ఎదురు చూడొద్దు. లోపలే ఉండు. నేనే దాటి వస్తాను.

పుల్లమ్మ